రెండో సగం నా దగ్గరే ఉంది

సంగారెడ్డి,
14 నవంబర్ 2024, గురువారం.

స్నేహితురాలు శ్రీలతకు,

నిషిత నమస్కారాలు. ఇక్కడ మా ఇంట్లో అందరి ఆరోగ్యాలూ బాగున్నాయి. కొండాపూర్‌లో మీ అమ్మానాన్నలు కూడా బాగున్నారని తలుస్తాను. ల్యాబ్‌లో ఇన్‌చార్జి కుర్చీ ఎక్కావు కాబట్టి నువ్వు ఇంకా బాగుంటావు, అడగక్కరలేదు.

మర్యాదలయ్యాయి, ఇక నా గోడు విను. మా ఇంట్లోవాళ్ల లెక్కలో నేను ప్రేమలో పడి చెడిపోయిన పిల్లని. కంపెనీవాళ్లు గేట్‌పాస్ తీసుకుని ఇంటికి పంపేశారంటే ఒక్కరూ నమ్మరు. ఆడపిల్ల డ్యూటీ మధ్యలో ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చుని లేచిపోయి, గోడవైపు తిరిగి పడుకుంటే దానికి ఒకటే కారణమట. దానికితోడు మన ల్యాబ్ రాజశేఖర్ ఫోన్ చేశాడు. బాపు ఎత్తాడు. "తాళంచెవి నిషిత దగ్గర్నే ఉండిపోయింది, జెర అడుగుండ్రి" అన్నాడట ఆ అమాయకుడు. శాంపిళ్ల అల్మారా తాళంచెవి! బాపు ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "ఏం తాళమే? ఎక్కడ ఇల్లు తీస్కున్నరే మీరిద్దరు?" అని. అమ్మ మాత్రం పక్కన కూర్చుని వీపు నిమురుతూ, "నాతోనన్న చెప్పు బిడ్డా, ఆ పిలగాడు ఎవలోళ్లు?" అంటుంది. ఇరవై మూడేళ్లు పెంచిన కూతురి ముఖంలో అవమానం ఏదో, విరహం ఏదో తెలియదు వీళ్లకి.

తరువాత తప్పంతా నా పుస్తకాల మీదికి వెళ్లింది. "మర్డర్ల పుస్తకాలు సదివి సదివి దీని తల్కాయ ఖరాబైంది" అని బాపు పాత పేపర్లవాణ్ణి పిలిచి బీరువాపైన ఉన్నవన్నీ తూకానికి వేశాడు. అమ్మ ఒక అట్ట చేతిలోకి తీసుకుని చూసి, "గీ హీరోయిన్ గంత బెదురు మొకం ఏసిందేందే?" అంది. అవి పదహారేళ్ల పిల్లల కోసం రాసినవని, అందులో ముద్దు కూడా రెండొందల పేజీలు దాటాకే వస్తుందని వీళ్లకి ఎవరు చెప్తారు? పేపర్లవాడు వాటిని తాడుతో కట్టి బండి మీద వేసుకుంటుంటే నేను గడపలో నిలబడి చూశాను. ఏడవలేదు. నేను ఏడవలేదు కాబట్టి నేరం రుజువైందన్నాడు బాపు.

సోమవారం కంపెనీలో విచారణ. నా మీద మచ్చ పోతే మళ్లీ ల్యాబ్‌కి వెళ్తాను. పోకపోతే వెలిమెల నుంచి వచ్చే సంబంధానికి తల ఊపాలి. బాపు షరతు అది. మధ్యలో ఇంకో దారి లేదు.

ఇంతకీ కంపెనీలో ఏం జరిగిందో నీకు తెలుసు, అయినా నా నోటితో విను. మేనేజర్ వెంకటేశ్వరరావు సార్ తన గదిలోకి పిలిచారు. "ఏమ్మా, నువ్వు చదివే నవల్లో ఒక పిల్ల కాలేజీ ల్యాబ్‌లోంచి ఏదో పౌడర్ తెచ్చి, హాస్టల్ వార్డెన్ మజ్జిగలో కలిపి చంపేస్తుందటగా? మన స్టోర్‌లో ఉన్నవాటితో అంతకంటే నీట్‌గా చేయొచ్చని నువ్వన్నావటగా?" అన్నారు. ఎవరో ఫోన్ చేసి చెప్పారట, పేరు బయటపెట్టరట, కంపెనీ మేలు కోరేవాళ్లేనట. మందులు తయారుచేసే చోట ఇలాంటి మాట పుట్టిందంటే, అదీ ఆడిట్ ముందు, ఎవరైనా భయపడతారట.

రెండో మాట పచ్చి అబద్ధం. మొదటి మాట విని నేను నవ్వాను. సార్‌కి ఒళ్లు మండింది. "నవ్వులాటగా ఉందా?" అన్నారు. లేదు సార్, మీరన్నదంతా నోటీసులో రాసివ్వండి, మజ్జిగతో సహా అన్నాను. పౌరుషంగా రాసిచ్చారు. ఎందుకు నవ్వానో చివర చెప్తాను. నీకు ఆగడం కష్టమని తెలుసు. ఆగు.

షిఫ్టు మధ్యలో పంపేశారు కదా, కంపెనీ బస్సు లేదు. గడ్డపోతారం రోడ్డు మీద విప్పని టిఫిన్ డబ్బాతో నిలబడ్డాను. ఆ మందుల వాసన ముక్కులోంచి గొంతులోకి దిగుతోంది. షేర్ ఆటోవాడు ఆపి "ఏడికి పోవాలె?" అంటే నా నోట్లోంచి ఊరి పేరు రాలేదు. ఇంటికెళ్లి ఏం చెప్పాలి? వాడు కాసేపు చూసి వెళ్లిపోయాడు. అలా రెండు ఆటోలు పోయాయి.

నువ్వు మరుసటి రోజే మా ఇంటికి వచ్చావు. జామకాయలు తెచ్చావు. అమ్మ చేతులు పట్టుకుని కన్నీళ్లు పెట్టుకున్నావు. "సార్ కాళ్ల మీద పడ్డ ఆంటీ, ఇనలే. నిషిత బంగారం, గా పుస్తకాలే దాన్ని ఖరాబ్ చేసినయ్" అన్నావు. బాపు ఆ మాట లోపలి గదిలోంచి విన్నాడు. పేపర్లవాడు వచ్చింది ఆ తెల్లవారే. వెళ్తూ వెళ్తూ చెప్పులు తొడుక్కుంటూ నన్ను అడిగావు: "విచారణల చివరికి ఏమైతదంటవే?"

చివరికి. నీ మాట అది. ఎంత లావు పుస్తకమైనా నేను మధ్యకి రెండుగా చీల్చేదాన్ని, బస్సులో ఇద్దరం ఒకేసారి చదువుకోవాలని. నేను రెండో సగంలో ఉంటే నువ్వు మొదటి సగంలో ఉండేదానివి. పది పేజీలు తిప్పకముందే నా మోచేయి గుంజేదానివి, చివరికి ఎవరే, చివరికి ఏమైతదే అని. డ్రైవర్ ఐలన్న అద్దంలోంచి చూసి, "ఇయ్యాల ఎవల్ని సంపిన్రు బిడ్డా?" అని నవ్వేవాడు.

ఇంట్లో కూర్చుని ఇంకేం పని? ఫోన్ చేసినవాళ్లెవరా అని పుస్తకాల్లో పిల్లలు వెతికినట్టే వెతికాను. రాజశేఖర్ కాదు, నా చేతిలో పుస్తకం చూస్తే నేను గ్రూప్స్ పరీక్షలకి చదువుతున్నానని వాడి నమ్మకం. ఐలన్న కాదు, అతనికి చంపినవాళ్లు దొరికితే చాలు, ఎలా చంపారన్నది అక్కరలేదు. అమ్మకి అట్ట మీది హీరోయిన్ తప్ప ఏమీ తెలియదు. మిగిలినవాళ్ల గురించి ఈ పుస్తకాలు నాకొకటి నేర్పాయి. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చి కన్నీళ్లు తుడిచేవాళ్ల మీద ఒక కన్ను వేసి ఉంచాలి.

ఎవరి మీదా కోపం లేదని అమ్మతో అన్నాను. అబద్ధం. నాకు కోపం ఆకలిలా వేస్తోంది, పూటపూటకీ. ఆ ఫోన్ చేసిన మనిషి షిఫ్టు మధ్యలో తెల్లకోటు విప్పాలి. గేటు దగ్గర పాస్ ఇచ్చేసి బయటికి రావాలి. ఎండలో, ఆ వాసనలో, విప్పని టిఫిన్ డబ్బాతో నిలబడాలి. ఆటోవాడు ఏడికని అడిగితే ఆ నోట్లోంచి కూడా ఊరి పేరు రాకూడదు. అది జరిగిన రోజు నేను రెండు ముద్దలు ఎక్కువ తింటాను.

నా ఫోన్ ఎత్తడం మానేశావు కాబట్టి కాగితం మీద రాశాను. ఐలన్న శనివారం పొద్దున బస్సులో నీ చేతికిస్తాడు. మీ అమ్మానాన్నలకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ పక్క సీటు,
నిషిత

తా.క.: ఆ పుస్తకంలో మజ్జిగ లేదు. ఇస్నాపూర్ చౌరస్తాలో లారీల వెనుక బస్సు ఆగిపోయిన రోజు గుర్తుందా? "చెప్పవే, నాకు పరేషాన్ అయితాంది" అని నువ్వు నన్ను చదవనివ్వలేదు. విసుగొచ్చింది. ముందు సీట్లో ఐలన్న మజ్జిగ ప్యాకెట్ కొరికి తాగుతున్నాడు. అది చూసి అప్పటికప్పుడు నోటికొచ్చిన ముగింపు అల్లి నీ చెవిలో వేశాను. కాలేజీ ల్యాబ్, పౌడర్, మజ్జిగ, అన్నీ నావే. ఇంకెవరికీ చెప్పలేదు. అసలు కథలో వార్డెన్‌కి ఎవరూ విషం పెట్టరు, పాత నీళ్ల ట్యాంకులోకి తోసేస్తారు. తోసింది, ఆమె కోసం అందరికంటే ముందు కొవ్వొత్తి పట్టుకుని తిరిగిన అమ్మాయి.

బాపు అమ్మేసిన వాటిలో ఆ రెండో సగం పోలేదు. ముందు అట్ట లేదు కదా, చిత్తుకాగితాలనుకుని అమ్మ దాన్ని ఊగుతున్న కూలర్ కాలి కింద పెట్టింది. తీసి దులిపాను. చివరి పేజీ వరకు ఉంది.

ముగింపు ఎప్పుడూ ముందే అడుగుతావు కదా, ఈసారి నిజమైనదే చెప్తున్నాను. సోమవారం సార్ రాసిచ్చిన నోటీసు, రెండో సగం పట్టుకుని విచారణకు వెళ్తున్నాను. నీ దగ్గర ఉండిపోయిన మొదటి సగం నువ్వు తీసుకురా. అందరి ముందు నీ పేరు చెప్తాను.