బెట్టుడుత నవ్వు

అరకు,
బుధవారం.

అక్క గంగప్పకు, చెల్లెలు స్వర్ణ దండం పెట్టి రాసేది. నేనిక్కడ బాగానే ఉన్నాను. అక్కడ నువ్వు, బావ, అమ్మ కులాసాగా ఉన్నారని జీపు నడిపే సింహాచలం చెబితే మనసు కుదుటపడింది. జి.మాడుగుల దాటితే ఫోను పలకదు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. పలికినా, నీ గొంతు వింటూ ఈ మాట చెప్పగలిగేదాన్ని కాదేమో.

అమ్మ మోకాలికి నూనె పంపాను. కాఫీ పళ్లు బాగా ఎర్రబడ్డాకే కోయమని బావకు చెప్పు. టీవీలో బెట్టుడుతను ఆడించేది నువ్వేనా అని అడిగావు. నేనే. చంటిపిల్లల కోసం తీస్తున్న ఆ కార్యక్రమంలో గుడ్డ ఉడుత లోపలున్న చెయ్యి నాది. బల్ల కింద కూర్చుని రోజంతా చెయ్యి పైకెత్తి ఉంచితే సాయంత్రానికి భుజం పట్టేస్తుంది. మాటలు వేరే అమ్మాయి చెబుతుంది.

నువ్వు ఆయాగా ఉన్న అంగన్‌వాడీలో రోజూ పదింటికి అది వేస్తున్నారని, పిల్లలు ముద్ద మింగడం మరిచి చూస్తున్నారని రాశావు. అన్నిచోట్లా అంతే. పిల్లలు ఎలా చూస్తున్నారో తెలుసుకోవడానికి పోయిన నెల మేం గుమ్మలక్ష్మీపురం వెళ్లాం. ఏడుస్తున్నవాళ్లు కూడా ఉడుత నవ్వగానే ఏడుపు ఆపేశారు. రెండేళ్ల గుంట ఒకతి లేచి టీవీ వెనక్కి వెళ్లి వెతికింది. అక్కడ గోడ తప్ప ఏమీ లేదు. నా కొంగు పట్టుకుని, "గుంటడేడీ?" అంది.

ఉడుత అనలేదప్పా. పిల్లాడి కోసమే వెతికింది, గుంటడు అంది.

ఆ రోజు నుంచి బల్ల కింద ఉన్నప్పుడు నవ్వు వినబడగానే చేతి మీది గుడ్డ తనంతట తాను కదిలినట్టుంటుంది. నా వేళ్లేనని తెలుసు. అయినా చెయ్యి బయటికి లాగేసుకుంటాను.

నీ ఉత్తరంలోని చివరి మాటకు ఇప్పుడు జవాబిస్తాను. "ఆ నవ్వు ఎవుల గుంటడిదే? ఇన్నప్పుడల్లా నా గుండాగిపోతంది" అని టీచరమ్మ చేత రాయించావు.

మన మంగ్లుదే, అప్పా.

ఉడుత నవ్వు కోసం ఎందరో పిల్లల్ని తెచ్చారు. అందరూ మైకు చూసి ఏడ్చారు. దర్శకురాలు పావని గారు విసిగిపోయి కూర్చుంటే, అలాంటి నవ్వు నా ఫోనులో ఉందని నేనే చూపించాను. టైడా స్టేషనులో రైలు కోసం కూర్చున్నప్పుడు తీసిన వీడియో. ఆ పై వానాకాలంలోనే కదా వాడిని జ్వరం తీసుకుపోయింది. "ఎవరి బాబు?" అని ఆవిడ అడిగింది. "మా అప్ప కొడుకు" అన్నాను. పోయాడని చెప్పలేదు. నిన్నూ అడగలేదు. వాడి నవ్వు ఊరూరా వినబడితే వాడు ఉన్నట్టే కదా అనుకున్నాను. అందరి పిల్లలకూ ముద్దలు కలుపుతూ నువ్వు అది వినాల్సి వస్తుందన్న ఆలోచనే రాలేదు.

నిన్న పావని గారికి అంతా చెప్పేశాను. "ముందే ఎందుకు చెప్పలేదు స్వర్ణా? ఆ తల్లిని అడక్కుండా ఎంత పని చేశాం" అంది. ఇకపై తీసేవాటిలో ఆ నవ్వు ఉండదు. ఊళ్లకు పంచేసిన ఇరవై ఆరు భాగాలను మాత్రం వెనక్కి తేలేమంది. మీ దగ్గర వేయవద్దని టీచరమ్మకు విడిగా చీటీ రాశాను. మిగతా ఊళ్లలో వాడు నవ్వుతూనే ఉంటాడు. ఆ తప్పు నాది.

ఇంకొకటి నీకు తెలియాలి. వాళ్లు వాడుకున్నది వీడియో చివరి ముక్కే. దానికి ముందు నువ్వు స్టేషను స్తంభం వెనక దాక్కుని, "మంగ్లూ, నానెక్కడున్నాన్రా?" అని పిలిచావు. అందుకే వాడు నవ్వాడు. నీ పిలుపు కోసేశారు. ఏమీ కోయని ఆ వీడియోను ఈ మెమరీ కార్డులో పెట్టి పంపుతున్నాను. టీచరమ్మ ఫోనులో వేయించుకో. చూడలేకపోతే దాచుకో.

ఆదివారం నేనే వస్తాను. తిడితే తిట్టు, కొడితే కొట్టు. తలుపు మాత్రం తియ్యి.

ఇట్లు,
నీ వెనక పుట్టిన చెల్లెలు,
స్వర్ణ