చింతచిగురు రంగు సాన మిషన్

నందికొండ, 1965. శ్రావణ శుక్రవారం, రాత్రి.

పట్నంలో దుకాణదారు రెండు కరెంటు సాన మిషన్లు మా ముందు పెట్టాడు. ఒకటి తెల్లది, ఒకటి చింతచిగురు రంగుది. తెల్లది గట్టిదన్నారు మా ఆయన. నేను రెండోదే కావాలన్నాను. దాని మోత తేనెటీగల పాటలా ఉంది. కత్తిని సందులో పెట్టి లాగితే చాలట. వాచిన వేళ్లతో అత్తమ్మ ఇక రాయి పట్టుకుని నూరనక్కర్లేదని బస్సులో దారంతా కలలు కన్నాను.

ఇంటికొచ్చి మిషన్ పెట్టగానే అత్తమ్మ మూలనున్న కత్తిపీట తెచ్చారు.

"దీన్ని గా సన్న సందుల ఎట్ల దూరుస్తవ్ బిడ్డా?"

మా ఇంట్లో ఉన్నది ఆ కత్తిపీట ఒక్కటే. చెక్కకు బిగించిన వంకర కత్తి అందులో ఎలా పడుతుంది? దుకాణంలో అంతసేపు నిలబడ్డాం, ఇద్దరికీ తట్టలేదు! సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది.

అత్తమ్మ మాత్రం నవ్వారు. "నూరకపోతే పాయె. జర నడిపియ్యి, దాని మోత ఇంట." మోగుతున్న మిషన్ మీద చెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నారు. "వేళ్ల నొప్పి గుంజుకపోతాంది బిడ్డా. ఆపకు."

"మోటారు కాలిపోతదే," అని గొణిగి మా ఆయన పడుకున్నారు. నిజమే, మిషన్ వేడెక్కింది. కానీ ఎన్నాళ్లకో అత్తమ్మ మూలగకుండా, గోడకానుకుని, చెయ్యి దాని మీదే ఉంచి నిద్రపోయారు. ఇల్లంతా తేనెతుట్టెలా మోగుతోంది. ఆపితే మెలకువ వస్తుందేమోనని ఇంకా ఆపలేదు...