మక్కల బస్తాకు ఖండన

చిరంజీవి అక్షితను దీవించి బాపు రాస్తున్నది.

అమ్మా, నానమ్మా, నేనూ ఒంట్లో బాగానే ఉన్నాం. మీ హాస్టల్లో ఫోన్ ఉండనివ్వరు కాబట్టి కేసముద్రం సంగతులన్నీ కాగితం మీదే. నీ దగ్గు తగ్గిందా?

డిబేట్ పోటీ కోసం 'ఖండన' అంటే ఏమిటి, ఆ మాట ఎక్కడిది అని అడిగావు. సంస్కృతంలో 'ఖండ్' అంటే విరవడం, ముక్కలు చేయడం. భూఖండంలో ఉన్నదీ అదే. పాత పండితులు ముందు ఎదుటివాడి వాదాన్ని పూర్తిగా చెప్పేవారు. తర్వాత అందులో ఏ ముక్క నిలవదో ఆధారంతో చూపేవారు. అదీ ఖండన. ఊరికే కాదనడం ఖండన కాదు. మా పేపర్లలో మాత్రం కాదన్న ప్రతివాడూ 'ఖండించారు'.

పోయిన వారం మొక్కజొన్న తూకాల మీద ఒక వార్త రాశాను. సాయిలు అనే చిన్న రైతు తెచ్చిన మక్కల బస్తా మార్కెట్ కాంటా మీద అరవై కిలోలు తూగింది. అడ్తి వ్యాపారి కాంటా మీద యాభై ఎనిమిది. రెండూ నా ఎదుటే తూచారు. వ్యాపారి పేరు రాయలేదు కానీ యార్డులో అందరికీ తెలిసిపోయింది.

మర్నాడే అతను ఇంటికి వచ్చాడు. మా దగ్గర పద్ధతి ఒకటుంది. ఎవరైనా వార్త తప్పంటే, అది రాసిన విలేకరే దాని ఖండన కూడా రాసిపెట్టాలి.

"రాసింది నువ్వే, ఖండన గూడ నువ్వే రాయాలె. నాకేం రాతలొస్తయ్?"

"నీ కాంటా తెచ్చి పదిమంది ముందట తూయి. సమానమొస్తే రాస్త."

"కాంటా రిపేరుకిచ్చిన."

ఖండన పంపకపోతే విలేకరి కార్డు వెనక్కి ఇమ్మని పేపర్ డెస్క్ నుంచి ఫోను. ఇంట్లో అమ్మ నాతో మాట్లాడడం మానేసింది. ఇంతవరకు దాచాను, ఇక చెప్పాలి. ఆ వ్యాపారి మీ వివేక్ మామ, అమ్మ తోడబుట్టినవాడే. పేరు రాయకపోవడానికి అదే కారణం.

అయినా రాయనని కూర్చున్నాను. చివరికి సాయిలే వచ్చాడు.

"రాయి అన్నా. సాయిలు అబద్దమాడిండని రాయి."

"నువ్వు ఆడలే గదనే."

"ఆడలే. గని ఖండన పడేదాంక నా మక్కలు ఎవలు ముట్టరట. మబ్బు పట్టింది. నీ వార్త తడిస్తే ఏంగాదు. మక్కలు తడిస్తే మొలకలొస్తయ్."

రాశాను. 'ఖండించారు' అనలేదు, 'తేడా లేదని వ్యాపారి చెప్పారు' అన్నాను. డెస్క్ దాన్ని 'తీవ్రంగా ఖండించారు' అని దిద్దింది.

ఈ పొద్దున అచ్చయింది. మధ్యాహ్నానికి సాయిలు మక్కలు అమ్ముడుపోయాయి. మీ మామే కొన్నాడు, అదే కాంటా మీద తూచి.

ఇట్లు,
నీ బాపు
హన్మంత్