ఎవరూ చావని ప్లేగు

ప్రియమైన నాన్నకి,

నువ్వు కొండ మీది ఆసుపత్రిలో చల్లగాలి పీలుస్తూ కులాసాగా ఉన్నావనుకుంటాను. ఇక్కడ నేను ఊరంతా ప్లేగు పెట్టుకుని కూర్చున్నాను.

కంగారు పడకు. మన ఊళ్ళో కాదు, మన కథల ఆటలోని హవ్రానోవ్ నగరంలో. గురువారం ఫైర్ స్టేషన్ మేడగదిలో అందరూ బల్ల చుట్టూ చేరగానే, రేవులో దింపిన గోధుమ బస్తాల్లోంచి ఎలుకలు దూకాయని చెప్పాను. మర్నాటికల్లా కూలీల చంకల్లో బిళ్ళలు కట్టాయని చెప్పాను. నిజానికి ఆ వారానికి నేను సిద్ధం చేసుకున్నది ఎవరో దొంగిలించిన కిరీటం కథ. నోరు తెరిస్తే ప్లేగు వచ్చింది. ఎందుకొచ్చిందో అడగకు.

అప్పటి నుంచి నా తల ప్రాణం తోకకొస్తోంది. మనవాళ్ళు ముగ్గురూ మూడు దారులు పట్టారు. బడిపిల్లలకి వండిపెట్టే ద్రహోమీరా పాత్ర, గోడలెక్కే ఆ దొంగపిల్ల, నేలమాళిగలో దూరి గడియ పెట్టుకుంది. ద్రహోమీరా బల్ల దగ్గరే కూర్చుని మేజోళ్ళు అల్లుకుంటోంది. "ప్లేగు పోయాక పిలువు" అంటుంది. అలోయిస్‌కి మునిసిపల్ ఆఫీసులో ముద్రలు కొట్టడం చాలలేదు. అతని పూజారి కోట గుమ్మంలో బల్ల వేసుకుని, లోపలికొచ్చేవాడికో చీటీ, బయటికెళ్ళేవాడికో చీటీ ఇస్తున్నాడు. ఇక మన కసాయి బోర్జెక్. అతని వీరుడు రోగులు తాగిన చెంబుతోనే తాగి, మూతి తుడుచుకుని నవ్వుతున్నాడు.

ఇది ఆటా, గోలా? బోర్జెక్ గురువారాలు బంతి దొర్లించే బౌలింగ్ ఆటకి పోతానని బెదిరిస్తున్నాడు. అతను పోతే తక్కిన ఇద్దరూ ఆగరు. నువ్వు కూర్చోబెట్టిన బల్ల ఇది. నువ్వు తిరిగొచ్చేసరికి అది ఉండాలి, నాకు కావలసింది అంతే. ప్లేగుని తీసేయనా? ఫోన్లో నీకు వినపడదు కాబట్టి ఉత్తరమే రాయి. నీ పాత్ర కష్పర్ వైద్యుడు మూలికల కోసం అడవిలోనే క్షేమంగా ఉన్నాడు.

నీ ఊపిరి ఎలా ఉంది? పిల్లి నీ చెప్పుల మీదే పడుకుంటోంది.

నీ కూతురు,
రాద్కా

*

నా బంగారు రాద్కాకి,

నీ ఉత్తరం చదువుతూ నేను నవ్విన నవ్వుకి నర్సు పరిగెత్తుకొచ్చింది, దగ్గనుకుని. పక్క మంచం కుబీచెక్ గారు పదవి దిగిన జడ్జి. ఏమిటా నవ్వని ఆయన అడిగితే ఆట గురించి చెప్పాను. ఒకరు కథ చెబుతారు, తక్కినవాళ్ళు తమ పాత్రలు ఏం చేస్తాయో చెబుతారు, ఏం జరుగుతుందో తేలనప్పుడు పాచిక తేలుస్తుంది అన్నాను. ఆయన "మా కోర్టూ అంతేగా, పాచిక మాత్రం చూపించేవాళ్ళం కాదు" అన్నారు.

ప్లేగుని తీసేయకు. పిలిచిన చుట్టాన్ని గుమ్మంలోంచే పొమ్మంటామా? మనుషుల్ని చూడు, రోగాన్ని కాదు. ద్రహోమీరాకి భయపడొద్దని ఎవరూ చెప్పక్కర్లేదు. తలుపు అవతల ఆకలితో ఉన్న పిల్లని ఒకత్తిని నిలబెట్టు. పిల్లలకి గరిటె తిప్పే చెయ్యి గడియ తియ్యకుండా ఉండలేదు. అలోయిస్ నోట్లో నాలుక లేనివాడు, జీవితంలో మొదటిసారి అతని చేతికి ఒక గుమ్మం దొరికింది. దాన్ని లాక్కోకు, ఆ గుమ్మం ముందుకి అతనికి కావలసినవాణ్ణి తెచ్చి నిలబెట్టు. బోర్జెక్‌ది ధైర్యం కాదు. నీ ప్లేగంటే అతనికి ఇంకా నమ్మకం కుదరలేదు, అంతే.

కష్పర్ అడవిలో ఏం చేస్తున్నాడమ్మా? ఊళ్ళో ప్లేగు ఉంటే వైద్యుడు చెట్లు లెక్కపెడుతూ తిరుగుతాడా? తొందరగా రప్పించు.

ఇక్కడి తిండికి ఉప్పు లేదు, నీళ్ళకి కుళ్ళిన గుడ్ల వాసన. ఛాతీ ఫోటో మళ్ళీ తీశారు, మొదటిది కదిలిపోయిందట. ఒప్లాత్కి బిస్కెట్ల డబ్బా పంపుతున్నాను. రేకుల్లా పలచగా ఉంటాయి, దారిలో విరిగితే పోస్టువాణ్ణి తిట్టు, నన్ను కాదు.

మీ నాన్న,
ఓల్ద్‌ర్జిఖ్

*

ప్రియమైన నాన్నకి,

ఒప్లాత్కి పొడి అందింది. చెంచాతో తిన్నాం.

నువ్వు చెప్పినట్టే చేశాను. తలుపు అవతల ఒక పిల్ల తట్టి, "అమ్మా, కాస్త ఏదైనా పెట్టవా" అంది. ద్రహోమీరా అల్లిక సూదులు బల్ల మీద పడేసి, ఇంట్లో ఎంత బార్లీ ఉందో చెప్పమని నన్ను నిలదీసింది. ఇప్పుడా దొంగపిల్ల హవ్రానోవ్ వీధుల్లో గంగాళం తోసుకుంటూ సూపు పోస్తోంది. అలోయిస్ గుమ్మం ముందుకి అతని పూజారి సొంత తమ్ముణ్ణి తెచ్చాను. పాపం, చీటీ మీద చెమట కారేలా ఆలోచించి, లోపలికి రానివ్వలేదు. ఇంటికెళ్ళేటప్పుడు నాతో మాట్లాడలేదు కూడా. కథలో తమ్ముడి కోసం అలిగాడంటే ఆట బాగున్నట్టే కదా?

కానీ బోర్జెక్ అసలు మాట అనేశాడు. గ్లాసు కింద పెట్టి, "రాద్కా, ఈ ప్లేగులో పేరున్నవాడు ఒక్కడైనా చచ్చాడా? మా అత్తగారి జలుబు ఇంతకన్నా గట్టిది" అన్నాడు. అందరూ నా వంక చూశారు. నా ముందు అడ్డంగా నిలబెట్టిన అట్ట వంకా చూశారు.

నీకు చెప్పకపోతే ఎవరికి చెబుతాను? మోసం చేస్తున్నాను నాన్నా. అట్ట వెనక వేసిన ఇరవై ముఖాల పాచిక ఎవరికీ కనపడదు కదా. బోర్జెక్‌కి ఒకటి, అంటే చావే, పడితే పదకొండన్నాను. ద్రహోమీరాకి రెండు పడితే పద్నాలుగన్నాను. పామూ చావకూడదు, కర్రా విరగకూడదు అన్నట్టు నడుపుతున్నాను. పాచిక చేతిలోకి తీసుకోగానే ఎవరినీ చంపడానికి మనసొప్పదు. ఇదివరకు రాక్షసులకి ఎంతమందినో తినిపించినదాన్ని, ఇప్పుడేమైందో.

వచ్చే గురువారం చివరిసారి వస్తానని బోర్జెక్ చెప్పి వెళ్ళాడు. కష్పర్ ఇప్పట్లో రాలేడు. దారిలో వంతెన కూలిపోయింది.

ఫోటో సరిగ్గా వచ్చిందా?

నీ
రాద్కా

*

నా పిచ్చితల్లి రాద్కాకి,

వంతెన కూలిందా? ఎప్పుడు కూలింది, నువ్వు కలం పట్టుకున్నప్పుడా? కష్పర్‌కి ఈత వచ్చు.

కోప్పడటం లేదు. నేనూ చిన్నప్పుడు నీతో ఆడుతూ ఓడిపోయినట్టు నటించినవాణ్ణే. కానీ ఒక్క మాట విను. నువ్వు వాళ్ళ చావుని దాచేశాననుకుంటున్నావు. దాంతోపాటు ద్రహోమీరా ధైర్యాన్నీ దాచేశావు. ఏమీ కాదని తెలిశాక గంగాళం తోయడంలో గొప్పేముంది? అలోయిస్ తమ్ముణ్ణి బయట వదిలేసింది దేనికి? బోర్జెక్ కోపం కూడా అదే. అతను చావు అడగటం లేదు, తన వీరుడి చేతులకి ఏదైనా నిజం పని ఇమ్మంటున్నాడు.

ఈ గురువారం ఆ అట్ట తీసి పక్కన పెట్టు. బల్ల మధ్యలో సూపు పళ్ళెం పెట్టి, పాచిక అందులో వెయ్యి, అందరూ చూస్తుండగా. మొదట కష్పర్‌కే వెయ్యి. ముసలాడు నది ఈది, గుమ్మం దాటి, మొదటి రోగి నాడి పట్టుకుంటాడు. ఒకటి పడితే ఒకటే. సవరించావంటే నాకు తెలిసిపోతుంది.

దీంతో ఒక గుండీ పంపుతున్నాను. చిమ్నీలు తుడిచే రోజుల నా నల్ల కోటుది. వీధిలో నన్ను చూడగానే జనం అదృష్టం కోసం తమ చొక్కా గుండీ పట్టుకునేవాళ్ళు కదా, మీ బల్ల దగ్గర నేను లేక అదృష్టం తగ్గిందేమోనని. ఎవరికి కావలిస్తే వాళ్ళు పట్టుకోండి.

నన్ను పై అంతస్తు గదికి మార్చారు. కిటికీలోంచి కొండలు బాగా కనిపిస్తాయి. నర్సులు కూడా ఎక్కువసార్లు వస్తున్నారు, మంచివాళ్ళు. కుబీచెక్ గారు రోజూ మెట్లెక్కి వచ్చి హవ్రానోవ్ సంగతేమిటని అడుగుతున్నారు.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నిన్ను చంపేశాను.

మొదటి నుంచీ చెబుతాను. అట్ట తీసి కిటికీలో పెట్టాను. పళ్ళెం పెట్టాను. వాళ్ళ ముగ్గురి పాచికలూ ఇన్నాళ్ళూ నేను మార్చి చెప్పానని ఒప్పుకున్నాను. ద్రహోమీరా నా భుజం మీద చెయ్యి వేసి, తనకి ముందే తెలుసంది.

కష్పర్ తడి బట్టలతో గుమ్మానికి వచ్చాడు. అలోయిస్ పూజారి చీటీ అడిగాడు. చీటీ ఎక్కడిది? తమ్ముణ్ణే ఆపినవాడు కష్పర్‌ని ఎలా వదులుతాడు? అలోయిస్ చాలాసేపు చేతులు నలుపుకుని, తన ముద్ర తీసి వైద్యుడి అరచేతి మీదే కొట్టాడు. "వెళ్ళండి, మీరు తిరిగి బయటికి రాలేరని తెలుసుగా" అన్నాడు. నువ్వుంటే తెలుసనే అనేవాడివని నేను అదే అన్నాను.

పాచిక చేతిలోకి తీసుకున్నాను. అలోయిస్ నీ గుండీ పట్టుకున్నాడు, నేను నా జాకెట్ గుండీ పట్టుకున్నాను. ద్రహోమీరా స్వెట్టర్‌కి గుండీలు లేక బోర్జెక్ చొక్కాది పట్టుకుంటే అది ఊడి చేతిలోకొచ్చింది. పాచిక పళ్ళెంలో తిరిగి తిరిగి ఆగింది. ఒకటి.

సవరించలేదు నాన్నా, ఒట్టు. కష్పర్ ముగ్గురు రోగుల్ని నిలబెట్టి, నాలుగో ఇంటి అరుగు మీద కూర్చుని లేవలేదని చెప్పాను. బోర్జెక్ ముక్కు చీది, పొగ కళ్ళలో పడిందన్నాడు. ఆ గదిలో ఎవరూ సిగరెట్ తాగరు. తర్వాత అతని వీరుడు మూతికి గుడ్డ కట్టుకుని, కష్పర్ మందుల సంచి భుజాన వేసుకుని అయిదో ఇంటి తలుపు తట్టాడు. బౌలింగ్ ఊసే ఎత్తలేదు. ఇంటికెళ్ళమని ఫైర్ స్టేషన్ కాపలాదారు వచ్చి దీపం ఆర్పేదాకా ఆడాం.

మన చౌరస్తాలో ప్లేగు పోయినందుకు కట్టిన పాత స్తంభం ఉందే, అలాంటిది హవ్రానోవ్‌లో కట్టిస్తారట. నమూనా అలోయిస్ గీస్తున్నాడు. పైన కష్పర్ ఉంటాడు. చేతిలో గరిటె ఉండాలని ద్రహోమీరా పట్టు.

నీ బల్ల నిలబడింది నాన్నా. నువ్వు లేకుండా నిలబడింది. అది నాకు సంతోషమో ఏడుపో తెలియడం లేదు.

రాద్కా

*

నా రాద్కాకి,

ఎంత మంచి చావు! కుబీచెక్ గారికి చదివి వినిపిస్తే ఆయన లేచి నిలబడ్డారు. గరిటె వద్దు, చిమ్నీ బ్రష్షు పెట్టమను. కొత్త పాత్ర కూడా ఆలోచించేశాను, ఊరూరా ఒప్లాత్కి అమ్ముకునేవాడు, పిరికివాడు, మహా అబద్ధాలకోరు.

అబద్ధాలంటే గుర్తొచ్చింది. ఫోటో కదల్లేదమ్మా. కుడి ఊపిరితిత్తిలో ఒక నీడ ఉంది. గొట్టం వేసి చిన్న ముక్క తీశారు, పై అంతస్తుకి మార్చింది అందుకే. చిమ్నీల్లో అంతకాలం పనిచేసినవాడికి పాత మసి మచ్చ కూడా కావచ్చంటున్నారు, కాకపోవచ్చు కూడా. బుధవారం పెద్ద డాక్టరు చెబుతారు.

నువ్వు భయపడతావని దాచాను. నీకేమో దాచొద్దని నీతులు చెప్పాను. ఉత్తుత్తి ప్లేగుకి మీరు నలుగురు ఒకరి గుండీ ఒకరు పట్టుకుని కూర్చున్నారు. నేను నిజం నీడని పెట్టుకుని కొండలు చూస్తున్నాను. నువ్వు అట్ట తీశావు కనక నేనూ తీస్తున్నాను. వీలైతే బుధవారం రా. వీలు కాకపోయినా రా.

మీ నాన్న

*

ప్రియమైన నాన్నకి,

నాకు మొదటి నుంచీ తెలుసు.

నిన్ను చేర్పించిన రోజు, నువ్వు చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే నర్సు నా చేతికి సంచి ఇస్తూ, నీడ గురించి నాకు ముందే తెలుసనుకుని నోరు జారింది. నువ్వు బయటికొచ్చి "ఏమీ లేదట" అన్నావు. నేను "హమ్మయ్య" అన్నాను. ఆ గురువారమే హవ్రానోవ్‌కి ఎలుకలొచ్చాయి. ఎవరినీ చావనివ్వలేదు. నిన్నయితే ఊళ్ళోకే రానివ్వలేదు.

ఇద్దరికిద్దరం సరిపోయాం.

బుధవారం మొదటి బస్సుకే వస్తున్నాను. బోర్జెక్ సాసేజీలు కట్టిచ్చాడు, ఉప్పు దండిగా వేశాడట. ద్రహోమీరా అల్లిన మేజోళ్ళు నీకేనట. అలోయిస్ ఒక చీటీ రాసి ముద్ర కొట్టి ఇచ్చాడు, నిన్ను హవ్రానోవ్‌లోకి ఎప్పుడైనా రానివ్వాలని. డాక్టరు గదిలోకి నేనూ వస్తాను, బయట కూర్చోమంటే కూర్చోను. నీ కోటుకి ఒక గుండీ తక్కువ కదా, దాన్ని నా జేబులో వేసుకొస్తున్నాను. సూదీ నల్లదారం కూడా తెస్తున్నాను. డాక్టరు పిలిచేలోగా కుట్టేస్తాను.

నీ కూతురు,
రాద్కా