దసరా నాడు వదులైన స్క్రూ

చెల్లె సుగుణా,

జావ గిన్నెలో ఉంది. నడుము బెల్టు కట్టుకున్నాకే మంచం దిగు. కింద కూర్చోకు. ఎముకల సూది వేయడానికి నర్సు కళావతి మధ్యాహ్నం వస్తుంది.

నీ నడుము కొత్త ఎక్స్‌రే డాక్టరుకు చూపించడానికి మానుకోట పోతున్నాను. దసరాకు జమ్మి ఆకు చేతిలో పెట్టి, వద్దంటున్నా వంగి నా కాళ్ళు మొక్కావు. "పెద్దదానివి, మొక్కకుంటె ఎట్లక్కా" అన్నావు. గుల్లబారిన ఎముకలో ఆపరేషన్ చేసి బిగించిన స్క్రూ ఆనాడే వదులైంది. ఆ కోపం నాకింకా పోలేదు. సూదులతో ఎముక గట్టిపడి, స్క్రూ మరింత కదలకుంటే రెండో ఆపరేషన్ అక్కర్లేదన్నాడు డాక్టరు. ఈరోజు ఆ మంచి మాటే వింటానని నా మనసు చెబుతోంది.

లేపితే మళ్ళీ వంగుతావని లేపలేదు. పోయొస్తానని చెప్పడం నాకెప్పుడూ కష్టమే.

అక్క

నిద్రలోనే నీ తల మీద చేయి పెట్టి దీవించాను. గురక ఆపి నవ్వావు.