అక్షరక్రమంలో పేర్చిన మరాఠీ

నవ్యా,

జూన్ పన్నెండున ఆసిఫాబాద్‌లో మీ అమ్మమ్మ ఇంట్లో జొన్నరొట్టె, పుంటికూర తిన్నాం. పక్షవాతం వచ్చాక ఆమెకు తెలుగు పోయి చిన్ననాటి మరాఠీయే మిగిలింది. ఆమె ఏదో మూడుసార్లు చెబితే నేను నవ్వుతూ తల ఊపాను. కాలు నొప్పి అన్నదని తర్వాత మీ మామయ్య చెప్పాడు. మర్నాడే మాటకొకటి చొప్పున ఈ మరాఠీ కార్డులు రాయడం మొదలుపెట్టాను.

రాని మాటలు మొదటి డబ్బాలో, రోజూ చూస్తాను. వచ్చినవి రెండోదాంట్లో, మూడు రోజులకోసారి. బాగా వచ్చినవి మూడోదాంట్లో, వారానికోసారి. నిన్న నువ్వు అన్నీ కలిపి, అక్షరక్రమంలో పేర్చి, రబ్బరుబ్యాండు వేశావు. పైగా "అంతా సాఫ్ జేసిన బాపూ, ఇగ పరేషాన్ గాకు" అన్నావు. ఇది నువ్వు పనిచేసే లైబ్రరీ కాదమ్మా. నేనేది మరిచిపోతున్నానో ఇప్పుడు నాకెలా తెలుస్తుంది? ఆదివారమే ఆమె దగ్గరికి వెళ్ళాలి. మీ అమ్మ పోయినా ఆమెకు నేను అల్లుణ్ణే. ఇకమీదట ఆ డబ్బాలు ముట్టకు.

పప్పు వేడి చేసుకొని తిను.

బాపు

తా.క. ఒక్క కార్డూ పోలేదు. చిరిగినవాటికి టేపు అంటించావు, చూశాను. ఈ రాత్రి అన్నీ మొదటినుంచి పైకి చదవాలి. నువ్వు రోజూలాగే విసుక్కోకుండా, చప్పుడు కాకుండా నీ గది తలుపు వేసుకో.