కొండమీద అడిగిన పేరు

అచ్చంపేట నుండి,

మన పెద్దవాని తల్లికి శుభాశీస్సులతో వ్రాయునది. ఇచ్చట నేనూ, నీ తమ్ముడు ఐలయ్యా, అతని ఫట్‌ఫటీ మోటారుసైకిలూ క్షేమం. వీటిలో చివరిదాని క్షేమం మాత్రం ఊరికొక తీరుగా మారుతున్నది. మూసాపేటలో మీ పుట్టింటివారందరూ, ముఖ్యంగా నీవు, పథ్యం తప్పకుండా కుశలంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం ఇక్కడి తపాలా కచేరీలో ముట్టింది. వేళకే తింటున్నాను. ఐలయ్య బండి మెల్లగా నడుపుతున్నాడా అని అడిగావు. పట్టాళంలో అతనికి ఆ విద్య నేర్పినట్టు లేదు. ఇక, “సర్కారీ పని అన్నరు గద, ఆ అడవిల ఏం కచేరి ఉన్నది?” అన్న నీ ప్రశ్న పరిశీలనలో ఉన్నది. జవాబు ఈ ఉత్తరం ముగిసేలోగా జారీ కాగలదు.

నిన్న తెల్లవారగానే నల్లమల దారి పట్టాము. పేష్కారు హోదాకు తగిన ఆసనంగా బండి పక్కన బిగించిన తొట్టిని నాకు కేటాయించారు. ఎక్కుడు వచ్చినచోట దిగి నెట్టాను. దిగుడు వచ్చినచోట కండ్లు మూసుకున్నాను. కనుక ప్రకృతి శోభను గురించి నేను నివేదించగలది స్వల్పం. ఒక మలుపులో మాత్రం కండ్లు తెరిచాను. లోయంతా మోదుగు పూసి ఉన్నది. జ్వరం దిగిన రోజు నీవు అడిగి కట్టుకున్న చీర రంగు.

ఎదురైన బండి తాత ఎడ్లను ఆపి, నన్ను చూసి జాలిపడ్డాడు.

“ఏం రోగం బిడ్డా, తొట్టిల ఏస్కొని పోతున్నవ్? దవాఖానకా?”

“రోగం లేదు తాతా, సర్కారీ ఆఫీసరు!” అన్నాడు ఐలయ్య.

“గట్లనా? అయినా జర పైలంగ తీస్కపో.”

బండి పోగలిగినంత దూరం పోయి, మెట్లెక్కి ఉమామహేశ్వరం గుడి చేరాము. నీ ప్రశ్నకు జవాబు ఇదే. సర్కారీ పని ఏదీ లేదు. రాయదుర్గంలో మన ఇంట్లో విషజ్వరంతో నీకు సోయి తప్పిన రోజున, నీవు లేచి కూర్చుంటే ఈ కొండకు వచ్చి నీ పేరున అర్చన చేయిస్తానని మొక్కుకున్నాను. తీరేదాకా మొక్కు బయటపెట్టరాదు గనుక కచేరీని అడ్డం పెట్టుకున్నాను.

పూజారి, “అమ్మగారి పేరు?” అన్నాడు.

మన పెండ్లినాడు మా అమ్మ చెప్పిన మాట నీకూ తెలుసు: ఆలి పేరు మగని నోట పడితే ఆమె ఆయుష్షు తరుగుతుంది. ఇన్నేండ్లూ “ఇగో”, “పెద్దోని తల్లీ” అంటూ కాపురం గడుపుకొచ్చాను. చావుదాకా పోయి వచ్చిన మనిషి పేరు ఇప్పుడెట్లా పలకను? పలకకుంటే మొక్కు తీరదు. చివరకు, “మూసాపేట పెంటయ్యగారి పెద్దకూతురు” అని విన్నవించాను.

“అయ్యా, దేవునికి చిరునామా కాదు, పేరు కావాలె.” ఐలయ్య నోరు తెరవబోతే, “మొక్కినవారే చెప్పాలె” అని అతన్నీ ఆపాడు.

ఐలయ్య నన్ను పక్కకు లాగాడు.

“ఏంది బావా, గింత పరేషాన్? అక్కకు సోయి లేనప్పుడు చెయ్యి పట్టుకొని ఆ పేరే పిలిసినవ్ గద! గొంతు పొయ్యేదాంక పిలిసినవ్. ఇంటిల్లిపాది ఇన్నం.”

“నేనా?”

“మరి నేనా? ఆయుష్షు తరుగుతదంటవ్. లేసి కూసున్నదా, లేదా?”

ఆ సంగతి నాకు జ్ఞాపకం లేదు. అయితే నీ తమ్మునికి అబద్ధం అల్లేంత ఓపిక లేదని నీకు తెలుసు. లోపలికి పోయి చెప్పాను. మెల్లగానే చెప్పాననుకున్నాను, గుడి ఉన్నది రాతి గుహలో గనుక అది మళ్ళీ నాకే వినబడింది. తర్వాత పూజారి గోత్రం అడిగితే, అది కాసేపు గుర్తుకు రాలేదు.

ఇన్నాళ్ళూ నీకు రాసిన ప్రతి ఉత్తరం మీదా మీ నాయిన పేరే రాసేవాణ్ణి. ఈ కవరు మీద నీ పేరు రాస్తున్నాను. తపాలా జవాను వాకిట నిలబడి గట్టిగా పిలుస్తాడు. సిగ్గుపడకు. తొందరపడి లేవకు కూడా. గోడ పట్టుకొని, మెల్లగా వచ్చి తీసుకో.

ఇట్లు,
నీలమ్మ పెనిమిటి